గోడ అవతలి సగం

“సార్ పొద్దున లేవలే బిడ్డా.”

సార్ భార్య, మా మేడమ్, ఫోన్‌లో అన్న మాట అదొక్కటే. నేను అప్పుడు నర్సరీలో గులాబీ అంట్లకు నీళ్ళు పడుతున్నాను. లేవలేదంటే ఒంట్లో బాగాలేదేమో, దవాఖానకు తీసుకుపోవాలేమో అనుకున్నాను. “ఆటో తీస్కొని వస్తున్న మేడమ్, మీరు పరేషాన్ కాకుండ్రి” అన్నాను. అవతల ఆమె గట్టిగా ఊపిరి తీసుకున్నారు. అప్పుడు అర్థమైంది.

పైపు చేతిలోనే ఉంది, నీళ్ళు నా పాదాల మీదే పోతున్నాయి. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆదివారం పిల్లలకు పాఠం పెట్టుకొని ఎవరికీ చెప్పకుండా పోవడం ఏమిటి? క్లాసు మధ్యలో నీళ్ళు తాగడానికి పోవాలన్నా చెయ్యెత్తి అడగాలని మాకు నేర్పిన మనిషి ఆయన. తాను మాత్రం ఎవరినీ అడక్కుండా నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఆయన మా లెక్కల సార్. మా ఊరు మామిడిపల్లిలో రెండు తరాలకు లెక్కలు చెప్పారు. ఊళ్ళో సార్లు ఎంతమంది ఉన్నా ఉత్త ‘సార్’ అంటే ఆయనే. మిగతా వాళ్ళకు ముందు తెలుగో, సైన్సో తగిలించాలి. పొట్టి మనిషి, చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. సుద్దముక్కలు అందులోనే వేసుకునేవారు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పెళ్ళిళ్ళకు కూడా ఆ జేబుతోనే వచ్చి, పెళ్ళిపందిట్లో పిల్లలు దొరికితే నేల మీదే లెక్క వేసేవారు. మేడమ్ తల పట్టుకునేవారు.

చాయ్ సాసర్‌లో పోసుకొని, ఊదకుండా, అది చల్లారేదాకా చూస్తూ కూర్చునేవారు. “ఊదితె జల్ది చల్లారుతది గద సార్” అని ఒకసారి అన్నాను. “జల్ది ఎవరికి?” అన్నారు. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

లెక్క చేసి చూపిస్తే వెంటనే రైటు కొట్టేవారు కాదు. “జవాబు వచ్చినంక ఉరకొద్దు. ఆడనే నిలబడు. చుట్టుపక్కల చూడు” అనేవారు. జవాబు చుట్టుపక్కల చూడ్డానికి ఏముంటుందో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు. జవాబు వచ్చింది, గంట కొట్టారు, పోయి అన్నం తినాలి. పదో తరగతిలో నా ఆలోచన అంతవరకే.

ఆ పదో తరగతిలో వర్గ సమీకరణాలు మొదలైన రోజు సార్ బోర్డు ముట్టుకోలేదు. రెండు కొసలూ కలిపి ముడేసిన సుతిలి తాడు పట్టుకొచ్చి మమ్మల్నందరినీ గ్రౌండులోకి తోలారు. నలుగురిని నాలుగు మూలలుగా నిలబెట్టి తాడు పట్టించారు. “మిగిలినోళ్ళు లోపల కూసోండ్రి” అన్నారు. మొదట తాడును సన్నగా, పొడుగ్గా లాగించారు. ఒకరి వీపుకు ఒకరి మోకాళ్ళు తగిలేలా కూర్చున్నా సగం మందిమి బయటే మిగిలాం. తర్వాత మూలల్ని కొంచెం కొంచెం జరిపిస్తూ వచ్చారు. తాడు చదరంగా అయ్యేసరికి అందరం పట్టాం. సార్ కూడా వచ్చి మా మధ్యన కూర్చున్నారు.

“తాడు పెరిగిందా?”

“లేదు సార్.”

“మరి ఇంత జాగ యాడికెళ్ళి వచ్చింది?”

అప్పుడు జేబులోంచి సుద్దముక్క తీసి మెట్ల బండ మీద రాశారు. పొడుగూ వెడల్పూ కలిపి ఎప్పుడూ ఇరవై అడుగులే అనుకుందాం. చెరి పది అయితే వైశాల్యం వంద. పన్నెండూ ఎనిమిదీ అయితే తొంభై ఆరు. పదిహేనూ అయిదూ అయితే డెబ్బై అయిదు. పది కంటే ఒకటి ఎంత పెరిగితే రెండోది అంతే తగ్గుతుంది. ఆ తేడాను వర్గం చేసి వందలోంచి తీసేస్తే వైశాల్యం వచ్చేస్తుంది. తేడా రెండయితే నాలుగు పోతుంది, తేడా అయిదయితే ఇరవై అయిదు పోతుంది.

“వర్గం ఎన్నడు సున్న కింద పోదు బిడ్డా. అందుకె అది వందలకెళ్ళి తీసుకునుడే గని, వందకు ఇచ్చుడు ఉండదు. ఏం పోవద్దంటె తేడానే ఉండొద్దు. గంతే, ఇగ దీనికి పెద్ద పెద్ద సూత్రాలు అక్కర్లేదు” అన్నారు.

ఇంకేముంది, మేం ఊరుకుంటామా? ఇంటికి పోయి చాటింపు వేశాం. సార్ చెప్పారు, చదరంగా కడితేనే ఎక్కువ జాగ వస్తుంది అని. సార్ చెప్పారంటే మా ఊళ్ళో ఇక తిరుగులేదు. ఉల్లి మళ్ళు చదరం, కోళ్ళ గూళ్ళు చదరం, కట్టెల దొడ్లు చదరం. మా బాపు అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా సార్ మాటంటే అంత గురి. మా గొర్రెల దొడ్డి ఇంటి వెనక గోడకు ఆనించి హాయిగా పొడుగ్గా ఉండేది. దాన్ని పీకి అదే ఇనప తీగ జాలితో, అదే గోడ పక్కన, చదరంగా మళ్ళీ కట్టాడు.

“గొర్లకు ఇరుకైనట్టున్నది” అంది అమ్మ.

“నీకేం ఎరుక? లెక్క ప్రకారం కట్టిన” అన్నాడు బాపు.

గొర్రెలు లెక్క ఎరగవు కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ అందులోనే ఉన్నాయి. ఊరంతా ఇలాగే జరిగింది. ఎవరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. తర్వాత నేను ఇంటర్‌లో లెక్కలే తీసుకున్నాను. అక్కడ కలన గణితం అని కొత్తది వచ్చింది. గరిష్ఠం కావాలంటే అవకలనం చెయ్యి, సున్నాకు సమానం అని రాయి, జవాబు తీసుకో. యంత్రంలో రూపాయి వేస్తే టికెట్ వచ్చినట్టు వచ్చేది. మార్కులు బాగా వచ్చాయి, నాకూ బాగా గర్వంగా ఉండేది.

డిగ్రీ అయ్యాక శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక దుకాణం కౌంటర్‌లో ఉద్యోగం దొరికింది. మంచి ఉద్యోగమే, కాదనను. కానీ రోజంతా ఏసీలో నిలబడి, ఎటో పోయేవాళ్ళకు చాక్లెట్లు అమ్మి ఇంటికి వచ్చేసరికి నాకు మట్టి వాసన చూడాలనిపించేది. సెలవు రోజుల్లో పెరట్లో అంట్లు కట్టేదాన్ని. నేను కట్టిన గులాబీ అంట్లు చావవని చుట్టుపక్కల పేరొచ్చింది. చుట్టూ కొత్త ఇళ్ళు లేస్తున్నాయి, ప్రతి ఇంటికీ నాలుగు మొక్కలు కావాలి. ఉద్యోగం మానేసి నర్సరీ పెడతానని ఇంట్లో చెప్పాను.

బాపు ససేమిరా అన్నాడు. మా ఇంటి వెనకున్న జాగ ఒక్కటే మాకు మిగిలింది. ఎయిర్‌పోర్టుకు తిరిగే క్యాబులు నిలుపుకోవడానికి ఆ జాగంతా కిరాయికి ఇమ్మని ఒకాయన అప్పటికే రెండుమూడు సార్లు వచ్చి పోయాడు. మట్టి మీద చెమట పోసి బాపు ఏం బాగుపడ్డాడో ఆయనకే తెలుసు. కిరాయి అయితే కూర్చుంటే వస్తుంది. నాలుగు దినాలు ఇంట్లో మొహాలు మాడ్చుకొని తిరిగాం. చివరికి అమ్మ పోరు పడలేక బాపు ఒక మెట్టు దిగాడు.

“ఇగో చూడు పొల్లా. గొర్లు అమ్మినంక దొడ్డి జాలి ఊకె పడి ఉన్నది. నూట ఇరవై అడుగులు. ఇంకొక్క అడుగు గూడ కొననియ్య. వెనక గోడ ఉన్నది, దానికి ఆనించుకో. ఆ జాలి ఎంత చుడితె అంత జాగ నీది. మిగిలింది కిరాయికిస్త. నీ జాగల నీ జీతమంత రాకపోతె ఏడాది తిరగంగనె మల్ల కౌంటర్‌కు పోవాలె, ఒప్పుకుంటవా?”

ఒప్పుకున్నాను. ఆ గోడ, పక్కన ప్లాట్లు వేసిన వెంచర్ వాళ్ళు కట్టుకున్నది, మా హద్దు పొడుగునా ఉంటుంది. బాపు అక్కడికక్కడే అడుగులు వేసి చూపించాడు. గోడ నుంచి ముందుకు నలభై, గోడ వెంబడి నలభై, మళ్ళీ వెనక్కి నలభై. నాలుగు పలకల చదరం. పదహారు వందల చదరపు అడుగులు. నేను మడులు గీసుకొని చూశాను. నడిచే దారులు పోను, ఇంకో రెండు మడులు పడితే గానీ నా లెక్క కుదరదు. ఎన్నిసార్లు గీసినా అంతే. రెండు మడుల కోసం నా బతుకు మళ్ళీ చాక్లెట్ల కౌంటర్ వెనక్కి పోయేలా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, నేను ఇంటర్ పాసైనదాన్ని కదా! కాగితం తీసుకున్నాను. గోడ వైపు జాలి అక్కర్లేదు, గోడ నుంచి ముందుకొచ్చే పక్క ఎక్స్. అవి రెండు కాబట్టి గోడ వెంబడి మిగిలేది నూట ఇరవైలోంచి రెండు ఎక్స్ పోను. వైశాల్యం రాశాను, అవకలనం చేశాను, సున్నాకు సమానం అన్నాను. ఎక్స్ ముప్పై. అంటే ముందుకు ముప్పై, గోడ వెంబడి అరవై. పద్దెనిమిది వందలు! నా రెండు మడులూ వచ్చేశాయి. ఎగిరి గంతేసి బాపు దగ్గరికి పరుగెత్తాను.

బాపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. “ఈడ సున్న ఎందుకు వెట్టినవ్?”

“అట్ల వెట్టాలె బాపు. అది సూత్రం.”

“నా జాగను సున్న జేసుడేంది?”

“జాగ కాదు బాపు, జాగ పెరిగే వేగం...”

“జాగ పెరుగుతదా? అది ఉన్నకాడనే ఉంటది గద!”

ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపాడు. ముప్పైకి అరవైని గుణించి చూపిస్తే పద్దెనిమిది వందలు నిజమే అన్నాడు గానీ నమ్మలేదు. ఈ ముప్పైలో మోసం లేదని ఏమిటి నమ్మకం, రేపు ఇంకో అంకె తెచ్చి ఇంకా జాగ అడగవని ఏమిటి నమ్మకం అన్నాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు. “చదరమే ఎక్కువని సార్ చెప్పిండు. నువ్వు సార్ కంటె పెద్దదానివైనవా? సార్ వచ్చి కాదంటె అప్పుడు చూద్దాం. లేకుంటె నలభైకి నలభై. జాలి నాది.”

కోపంతో ఊగిపోతూ సార్ ఇంటికి పోయాను. ఆయన అరుగు మీద కూర్చొని సాసర్‌లో చాయ్ చూస్తున్నారు. కాగితం ఆయన ముందు పెట్టాను. చూశారు.

“జవాబు కరెక్టే. ఇది మీ బాపుకు చెప్పినవా?”

“చెప్పిన సార్. సున్న దగ్గర ఆగిండు.”

సార్ నవ్వారు. “మంచి కాడనే ఆగిండు. ఆ సున్న ఎందుకో నీకు ఎరుకేనా?”

“సూత్రం గద సార్” అన్నాను. సార్ మళ్ళీ కాగితం చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. “చదరం అని మీ బాపు ఎందుకంటున్నడు?”

“మీరే చెప్పిన్రట సార్. ఊరంత అట్లనే కట్టుకున్నరు గద. గోడ ఉన్నా లేకున్నా.”

ఆయన మొహం పాలిపోయింది. చాయ్ అలాగే వదిలేసి చెప్పులు వేసుకున్నారు. తొవ్వ పొడుగునా ప్రతి దొడ్డి దగ్గరా ఆగి చూశారు. గోడ, గోడకు ఆనించి చదరం. ఇంకో గోడ, ఇంకో చదరం. “నేను తాడు చెప్పిన బిడ్డా, గోడ చెప్పలే” అన్నారు. ఆ మాట మా ఇల్లు చేరేలోపు రెండుసార్లు అన్నారు.

మా బాపు కుర్చీ తెచ్చి వేశాడు. సార్ కూర్చోలేదు. సుతిలి తాడు అడిగి, గోడ వెంబడి మేకులు కొట్టించి, బాపు చేతికే తాడు ఇచ్చారు. “అన్నా, నీ పొల్ల చెప్పింది కాసేపు మర్చిపో. నేను చెప్పింది గూడ మర్చిపో. నువ్వే కొలువు” అన్నారు.

ముందుకు ముప్పై, గోడ వెంబడి అరవై. పద్దెనిమిది వందలు. “ఇప్పుడు ఒక్క అడుగు ముందుకు జరుపు.” ముప్పై ఒకటి అయింది, గోడ వెంబడి యాభై ఎనిమిదికి తగ్గింది. బాపు కూరగాయలు అమ్మిన మనిషి, నోటి లెక్క గట్టిది. పదిహేడు వందల తొంభై ఎనిమిది అన్నాడు. “రెండు పోయినయి. ఇప్పుడు వెనకకు ఒక్క అడుగు.” ఇరవై తొమ్మిది, అరవై రెండు. మళ్ళీ పదిహేడు వందల తొంభై ఎనిమిదే. బాపు కనుబొమలు ముడిపడ్డాయి. రెండడుగులు జరిపితే ఎటు జరిపినా ఎనిమిది పోయాయి. అయిదడుగులు జరిపితే ఎటు జరిపినా యాభై పోయాయి.

“ఎంత జరిపినవో దాన్ని దానితోనే గుణించు, రెండింతలు చెయ్యి. గంత పోతది. ముందుకు పోయినా పోతది, వెనకకు పోయినా పోతది. వర్గం గద అన్నా, అది సున్న కింద పోదు. ముప్పై కాడ నిలబడితెనే ఏం పోదు. ఇగ నీ నలభైకి పో. ఎంత జరిపినట్టు?”

“పది.”

“పది పదులు?”

“వంద. రెండింతలు...” బాపు ఆగాడు. “రెండు వందలు పోయినయా?”

“పోయినయి.”

బాపు తాడు వదల్లేదు. గోడను చూశాడు, మేకుల్ని చూశాడు. ఉన్నట్టుండి మొహం వెలిగింది. “ఆగు ఆగు. ముప్పై ఇంటు అరవై అంటె రెండు వందల గజాల ప్లాటు గద సార్! ప్లాట్లోళ్ళు రోజూ అరుస్తనే ఉంటరు!” మా వైపు చదరపు అడుగుకు విలువ లేదు, అందరి ప్రాణం గజంలో ఉంటుంది. చదరం కట్టుకుంటే ఇరవై గజాలకు పైగా పోగొట్టుకునేవాళ్ళమని తెలిసేసరికి బాపుకు చెమట పట్టింది. ఎవరో చేతిలోంచి గుంజుకున్నంత పని అయింది.

“పాతు బిడ్డా” అన్నాడు నాతో. “రెండు వందల గజాలు నీది.”

ఆ రోజు నేను సార్ కాళ్ళకు దండం పెట్టబోతే వద్దన్నారు. “ఇప్పుడు నీ కాగితం తియ్యి” అన్నారు. “నీ లెక్క తప్పు కాదు. ఆ లెక్క యాడ నిలబడాలెనో చెప్తది. ఈ లెక్క తొవ్వ తప్పితె ఎంత పోతదో చెప్తది. మీ బాపుకు కావల్సింది రెండోది.” జవాబు చుట్టుపక్కల చూడటమంటే ఏమిటో నాకు ఆ పూట మేకుల మధ్య నిలబడితే తెలిసింది.

నర్సరీ నిలబడింది. ఏడాది తిరిగేసరికి కౌంటర్ ఊసే రాలేదు. కానీ సార్ మనసు మాత్రం కుదుటపడలేదు. ఒకరోజు చాయ్ తాగుతూ బాపుతో అన్నారు, “అన్నా, నా మాట సగమే అయ్యింది. సగం చెప్పి ఊరిని ఇరుకు చేసిన.” బాపు కంగారుపడి, “అట్లనకుండ్రి సార్, మీ మాట ఎన్నడు సగం గాదు” అన్నాడు గానీ ఎందుకు కాదో చెప్పలేకపోయాడు. చెప్పలేకపోవడం బాపును బాగా కుదిపింది. సార్ వెళ్ళాక కూడా గోడనే చూస్తూ ఉండిపోయాడు.

అప్పటి నుంచి సార్‌కు కొత్త అలవాటు వచ్చింది. పొద్దున నడకకు బయల్దేరి, ఎక్కడ గోడ పక్కన దొడ్డి కనబడితే అక్కడ ఆగేవారు. మామిడిపల్లి అయిపోతే జల్‌పల్లి దాకా పోయేవారు. “గోడ ఉన్నదా? అయితె చదరం కాదు. నేనే సగం చెప్పిన, నన్ను తిట్టుకో” అని మొదలుపెట్టేవారు. చదువుకున్నవాళ్ళు నవ్వేవారు. ఒకావిడయితే, “సార్, మీరు చెప్పంగ కట్టినం, మీరు చెప్పంగ పీకినం, ఇగ మీరు రాకుండ్రి, మా కోళ్ళు పరేషాన్ అయితున్నయి” అంది. సార్ ఆ మాట అందరికీ చెప్పుకొని తెగ నవ్వారు.

ఆదివారాలు మా నర్సరీలోనే పదో తరగతి పిల్లలకు పాఠం చెప్పేవారు, ఫీజు లేదు. ఒకసారి ఒక పిల్లాడి తండ్రి వచ్చి, కోచింగ్‌లో ఎనిమిదో తరగతికే అవకలనాలు చెప్తున్నారు, మీరింకా తాడూ గోడా అంటారేమిటని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది, లేచాను. సార్ చేత్తో నన్ను కూర్చోబెట్టారు.

“అది మంచి విద్యనే. రేపు వానికి కావాలె, నేర్చుకోనియ్యుండ్రి. గని ఇంట్ల అమ్మ అడిగితె చెప్పేటంత అర్థం కావాలె గద. ఇది ఒంటబట్టితె అదే వస్తది.”

ఆ తండ్రి పిల్లాణ్ణి మాన్పించలేదు. ఆ పక్కనే నిలబడి పాఠం మొత్తం విన్నాడు. పోతూ పోతూ రెండు మల్లె మొక్కలు కూడా కొన్నాడు.

అన్నింటికంటే నాకు బాగా గుర్తుండేది బాపూ సారూ పక్కపక్కన కూర్చోవడం. ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారు. పాఠం అయ్యాక పిల్లలు వెళ్ళిపోతే, మొక్కల మధ్య రెండు కుర్చీలేసుకొని కూర్చునేవారు. మాటలు తక్కువ. విమానం మీదుగా పోతే ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి, ఆగిన చోట మొదలుపెట్టేవారు. ఎప్పుడో ఒకసారి బాపు గొణిగేవాడు, “ఏమో సార్, చదరం మాట ఉత్తదైతె నాకు మనసొప్పుతలేదు.” సార్ తల ఊపేవారు. “నాకు గూడ” అనేవారు.

సార్‌ను సాగనంపిన రోజు మా ఊరి దుకాణాలు వాటంతటవే మూసుకున్నాయి. ఎంతమంది వచ్చారో! లారీ నడిపేవాళ్ళు, బ్యాంకులో పనిచేసేవాళ్ళు, కందుకూరు నుంచి కూరగాయల బండ్ల మీద వచ్చినవాళ్ళు, అందరూ ఆయన ముందు ఎక్కాలు అప్పజెప్పినవాళ్ళే. నేను బాగా ఏడ్చాను. మేడమ్ నన్ను ఓదార్చాల్సి వచ్చింది. బాపు మాత్రం దూరంగా నిలబడ్డాడు. దగ్గరికి రమ్మంటే రాలేదు. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చొని లేచిపోయాడు.

దినాలు అయిపోయాక ఒక పొద్దున బాపు నర్సరీలోకి వచ్చాడు. కుర్చీ వేస్తానంటే వద్దని, బకెట్ బోర్లించుకొని గోడకు ఎదురుగా కూర్చున్నాడు. నేను అంట్లకు మట్టి కలుపుకుంటూ నా పనిలో నేనున్నాను. చాలాసేపు అయింది. చూస్తే ఆయన పెదవులు కదులుతున్నాయి. సార్‌ను తలుచుకుంటున్నాడేమో అనుకొని పలకరించలేదు.

“సగం గాదు” అన్నాడు ఉన్నట్టుండి.

“ఏంది బాపు?”

“సార్ మాట. సగం జెప్పిన, సగం జెప్పిన అని ఊరంత తిరిగి తిట్లు తిన్నడు. సగం గాదది.” లేచి గోడ దగ్గరికి పోయి దాని మీద అరచెయ్యి ఆనించాడు. “ఇది లేదనుకో. అవతల గూడ నీకు గింతే జాగ, గింతే జాలి ఉన్నదనుకో. ఇవతల ముప్పై. అవతల ముప్పై. ఎంతాయె?”

“అరవై.”

“మరి పొడుగెంత?”

నేను గోడ పొడుగునా చూశాను. పొడుగు అరవై. అరవైకి అరవై. రెండు దొడ్లూ కలిపితే చదరమే. ఇన్నేళ్ళుగా ఆ గోడ నీడలో పనిచేస్తున్నాను, సార్ పక్కన కూర్చొని ఎందరో పిల్లలకు ఈ లెక్కే చెప్పాను. నాకు కనబడలేదు, సార్‌కూ కనబడలేదు.

“ఎవరు జెప్పిన్రు బాపు?”

“ఎవరు జెప్తరు? సార్ ఉంటె ఆయననే అడుగుతుంటి. లేకపాయె. ఇగ నేనే కూసున్న, చూసిన.” అరచెయ్యి గోడ మీది నుంచి తియ్యలేదు. “జర ఆగకపాయె బిడ్డా. మీ మాట ఉత్తది గాదు సార్ అని ఆయన మొహం మీద చెప్పొస్తుంటి.”

మా బాపు ఏడవడం నేను అప్పుడే చూశాను. గోడకు నుదురు ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను మట్టి చేతులతోనే వీపు నిమిరాను. కాసేపటికి తువ్వాలతో మొహం తుడుచుకొని, బకెట్‌ను కాలితో గోడ దగ్గరికి జరిపాడు. వద్దు బాపు, పడతావంటే వినలేదు. నా భుజం పట్టుకొని ఎక్కాడు. గోడ అంచు మీద రెండు చేతులూ పెట్టుకొని అవతలికి చూడసాగాడు. అవతల ఎవరూ ఇళ్ళు కట్టని ప్లాట్లు, సున్నం వేసిన హద్దురాళ్ళు, మోకాలెత్తు గడ్డి.

“అవతలి సగం ఉన్నదా బాపు?” అని కింది నుంచి అడిగాను.

“ఉన్నది” అన్నాడు. దిగలేదు.